షియాన్‌లో ఎనిమిదో మనిషి

శుక్రవారం పొద్దున్న, కువైట్‌లో నేను పాఠాలు చెప్పే ఇంటి యజమానురాలు మామా నాకు ఫోన్ చేసింది. ఆమె ఎప్పుడూ మెసేజ్ పెడుతుందే గాని ఫోన్ చెయ్యదు. "టీచర్, ఆమె లేవడం లేదు," అంది ఇంగ్లీషులో. ఎవరు అని నేను అడగలేదు. ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచే మనిషి ఒక్కరే.

నేను ఉండే అబూ హలీఫా నుంచి వాళ్ళ ఇల్లున్న జాబ్రియా చేరేసరికి ఆమెను తీసుకెళ్ళిపోయారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. వంటింట్లో పొయ్యి మీద ఖాళీ పాలగిన్నె ఉంది. ముందురోజు రాత్రే కడిగి పెట్టుకున్నట్టుంది. దాని మీద మూత కూడా పెట్టింది.

ఆమె కోనసీమ నుంచి వచ్చి పంతొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో పనిచేసింది. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా అంటారు, యజమానిని బాబా అంటారు. ఆమె నోట విని విని నాకూ ఆ పిలుపులే అలవాటయ్యాయి. నేను సాయంత్రాలు ఆ ఇంటి ముగ్గురు పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి వెళ్తాను. ఆమెకూ నాకూ చుట్టరికం లేదు. మొదటి ఏడాది ఆమెను నేను ఏమనీ పిలవలేదు. పిలవాల్సిన అవసరం రాకుండా చూసుకునేదాన్ని. కాకినాడలో నన్స్ దగ్గర పన్నెండేళ్ళు చదివి నేను బాగా నేర్చుకున్న విద్య, గదిలో ఉన్నట్టు ఎవరికీ తెలియకుండా ఉండటం. ఆమెకు అది నాకన్నా బాగా వచ్చు.

నాలుగింటికి టీ తెచ్చేది. గ్లాసు మీద సాసరు బోర్లించి, తలుపు తెరిచే ఉన్నా రెండుసార్లు తట్టి లోపలికి వచ్చేది. మెడలో గొలుసుకి నాలుగైదు పిన్నీసులు ఎప్పుడూ వేలాడుతుండేవి. టీ పెట్టి వెంటనే వెళ్ళేది కాదు. పిల్లలు కథ చదువుతుంటే గుమ్మంలో నిలబడి వినేది. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. వంటింట్లోంచి పిలుపు వస్తే వెళ్ళిపోయేది. నేను ఇంటికి బయల్దేరుతుంటే చెప్పుల దగ్గరికొచ్చి అడిగేది.

"టీచర్ గోరూ, ఆ నక్క నూతిలోంచి బయటపడిందాండీ?"

"పడింది."

"ఎవరు తీశారు?"

"మేక."

"మేకని లోపలొదిలేసి ఉంటాదిలెండి," అని వెళ్ళిపోయేది. నిజంగానే కథ అంతే.

ఆమె పోయిన మూడో రోజు కూతురు ఊరి నుంచి నాకు ఫోన్ చేసింది. అమ్మ శవపెట్టె వచ్చే వారం వస్తుంది, జ్ఞాపకార్థ కూడికకి పెద్ద ఫోటో చేయించాలి అంది.

"అక్కడి ఇఖామా గుర్తింపు కార్డు మీద ఫోటో పంపారక్కా. అది మా అమ్మలా లేదు, ఎవరో భయపడిపోయిన ఆవిడలా ఉంది. ఇక్కడికొచ్చినప్పుడు తీసినవి నాలుగేళ్ళ కిందటివి. వీడియో కాల్ చేస్తే ఫోను డబ్బాకి ఆనించి పనిచేసుకునేది, నుదురూ ఇంటి పైకప్పూ కనిపించేవి. మీరంతా చైనా వెళ్ళారంట కదా, అక్కడివి ఏమైనా ఉంటాయేమో చూడండి."

మామాని అడిగాను. మామా సోఫాలో కూర్చుని ఫోన్ తీసి వేలితో పైకి తోస్తూ పోయింది. చాలాసేపు చూసింది. "మాఫీ," అంది చివరికి. లేవు. ఫోన్ నా చేతిలో పెట్టింది.

చైనాలో ఊరు చూసిన ఆ ఒక్కరోజువే రెండు వందలకు పైగా ఉన్నాయి. మామా, బాబా, పిల్లలు, వీల్‌చెయిర్‌లో బాబా వాళ్ళ అమ్మ. కొన్నిట్లో ఓ మూల నేను. అన్నీ తీసింది ఆమే, అందుకే ఎందులోనూ లేదు. పొద్దున తీసిన నాలుగు ఫోటోల్లో కింద నేల మీద ఒక నీడ పడింది. మోచేతికి సంచి వేలాడుతున్న నీడ.

ఆ రోజు జరిగింది అప్పటిదాకా నేను ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి.

రెండేళ్ళ కిందట, అక్టోబరు సెలవుల్లో వెళ్ళాం. బాబా వాళ్ళ అమ్మకి చైనాలో పాత మసీదు చూడాలని కోరిక. అది షియాన్ అనే ఊళ్ళో ఉంది. ఎప్పుడో రాజధానిగా వెలిగిన ఊరు. ఇంగ్లీషు మాట్లాడటానికి, పిల్లల్ని చూసుకోవడానికి నన్ను తీసుకెళ్ళారు. పెద్దావిడ కోసం ఆమెను తీసుకొచ్చారు. ఒక్కరోజులో ఊరంతా చూపించే బస్సు హోటల్ వాళ్ళు కుదిర్చారు. అందులో మాతోపాటు ఇంకో ఇరవై మంది. గైడు ఒక సన్నటి అమ్మాయి, చేతిలో పసుపు జెండా. బస్సు కదిలేముందు ఒక్కో కుటుంబం దగ్గరా ఆగి, అందరూ వచ్చారా అని అడిగేది. మా వాళ్ళలో నన్ను అడిగేది.

నేను లెక్కపెట్టేదాన్ని. పిల్లలు ముగ్గురు. మామా, బాబా, పెద్దావిడ. నేను. ఏడు. "అందరం వచ్చాం," అనేదాన్ని. మేం ఎనిమిది మందిమి. కానీ వీల్‌చెయిర్ ఉన్నచోట దాని వెనక ఆమె ఎలాగూ ఉండేది. అందుకని నా ఏడు ప్రతిసారీ సరిపోయింది.

పొద్దున మట్టి సైనికుల్ని చూశాం. పెద్ద గోతుల్లో వేలమంది, వరసలు వరసలుగా నిలబడి ఉన్నారు. చనిపోయిన రాజుకి కాపలా కోసం చేయించారట. ఎక్కడ చూసినా జనం. వీల్‌చెయిర్‌కి దారి దొరకడమే కష్టమైంది. రెయిలింగు దగ్గర ఆమె నా పక్కకొచ్చి నిలబడింది.

"ఇంతమంది మగాళ్ళు. ఒక్కడూ ఇది తే అది తే అనట్లేదు. ఎంత హాయిగా ఉందో చూడండి."

నాకు నవ్వొచ్చింది.

"ఈళ్ళందరికీ వండేదెవరండీ?" అంది.

గైడుని అడిగాను. ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఈ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఇంకా తవ్వుతున్నారు, చూద్దాం అంది. నేను తెలుగులో చెప్పాను.

"తవ్వమనండి. ఉంటారు ఎక్కడో అడుగున," అంది ఆమె, కుర్చీ తోసుకుంటూ.

మధ్యాహ్నం మసీదు. బయటినుంచి చూస్తే చైనా రాజభవనంలా ఉంది. పెద్దావిడ లోపల చాలాసేపు ఏడ్చింది. కుర్చీ తోసే ఆమె మాత్రం వాకిట్లో చెట్టు కింద కూర్చుని, పెదాలు కదుపుతూ తన ప్రార్థన తను చేసుకుంది. చైనాలో ఏం చూశారని తర్వాత నేను అడిగితే, "వాలుబాటలు చూశానండీ. కుర్చీ ఎక్కడిదాకా ఎక్కితే అంతవరకే నా చైనా," అంది.

సాయంత్రం కోటగోడ. పాత ఊరి చుట్టూ ఉంటుంది, దాని మీద సైకిళ్ళు తొక్కుతారు. పెద్దావిడ అలసిపోయి బస్సులో ఉండిపోయింది. మామా ఆవిడ దగ్గర ఉంది. వీల్‌చెయిర్ మడిచి బస్సు కింద పెట్టేశారు. దక్షిణ ద్వారం దగ్గర మెట్లెక్కి పిల్లలు సైకిళ్ళు తొక్కారు. దిగి వచ్చాక మామా చిన్నవాణ్ణి చూసి, జాకెట్ ఏదీ అంది. పైన మరిచిపోయాడు. "యల్లా, త్వరగా," అని ఆమెను పంపింది.

ఆమె మెట్లెక్కడం నేను చూశాను. ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని ఎక్కింది. మోచేతికి పెద్దావిడ మందుల సంచి ఉంది.

గైడు వచ్చింది. అందరూ వచ్చారా?

నేను లెక్కపెట్టాను. ఏడు. అవునన్నాను.

బస్సు కదిలింది.

ఎలా అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. మరిచిపోయానని చెప్పడానికి లేదు. చూసి రెండు నిమిషాలు కూడా కాలేదు. పొద్దుటినుంచీ ఏడు సరిపోయింది కాబట్టి అప్పుడూ సరిపోయింది, అంతే.

ట్రాఫిక్‌లో పడి పగోడా అనే పాత బౌద్ధ గోపురం దగ్గరికి వెళ్ళేదాకా ఎవరూ చూసుకోలేదు. ఆమె ఎప్పుడూ వెనక సీట్లో సామాన్ల మధ్య కూర్చునేది. వీల్‌చెయిర్ కిందికి దించాక, తోసేవాళ్ళు లేక అది అక్కడే ఉండిపోయింది. బాబా అన్న మొదటి మాట, "పారిపోయింది."

"నా మందులు పట్టుకుని ఎవరు పారిపోతారు?" అంది పెద్దావిడ అరబీలో.

ఆమె పాస్‌పోర్టు బాబా దగ్గర ఉంది. ఆమె ఫోనులో ఆ దేశం సిమ్ము లేదు. గైడూ నేనూ టాక్సీలో వెనక్కి వెళ్ళాం. చేరేసరికి గోడ మీద దీపాలు వెలిగించారు.

బస్సు ఆగిన చోటే ఆమె నిలబడి ఉంది. జాకెట్ మడిచి చేతి మీద వేసుకుంది. చుట్టూ అమ్మాయిలు. ఆ ఊళ్ళో అమ్మాయిలు పాతకాలం రాణుల్లా అద్దె బట్టలు కట్టి, తల్లో పూలు పెట్టుకుని ఫోటోలు తీయించుకుంటారు. అలాంటి వాళ్ళు పదిమంది వరసకట్టి, ఒకరి తర్వాత ఒకరు ఆమె పక్కన నిలబడి ఫోటో దిగుతున్నారు. ఒకమ్మాయి తన పట్టు విసనకర్ర ఆమె చేతిలో పెట్టింది. ఆమె నవ్వుతోంది. పళ్ళు కనపడేలా, సిగ్గుపడుతూ, ఆపుకోలేక నవ్వుతోంది. ఆ ముఖం అంతకుముందు నేను చూడలేదు.

నేను కొంచెం దూరంలో ఆగిపోయాను. ఫోను నా చేతిలోనే ఉంది. నేను తియ్యలేదు. ఆ నవ్వుని తీసే హక్కు నాకు లేదనిపించింది.

ఆమె నన్ను చూసి విసనకర్ర తిరిగిచ్చేసింది. "వచ్చారా టీచర్ గోరూ. కంగారుపడ్డారా?"

"మీరు... ఎటూ వెళ్ళలేదా?"

"తప్పిపోతే కదలకూడదండీ. వెతికేవోళ్ళు తిరగాలి, తప్పిపోయినోళ్ళు నిలబడాలి."

తిరిగొస్తూ టాక్సీలో, జరిగిన విషయం చెప్పేశాను. చూసి కూడా ఏడుగురం అన్నానని. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ వింది.

"మిమ్మల్ని కలుపుకున్నారా లెక్కలో?"

"ఆఁ."

"నయమే. మా ఊళ్ళో చెప్తారు, ఏరు దాటిన పదిమంది లెక్కెట్టుకుంటే లెక్కెట్టినోడు తన్నే మర్చిపోయాడంట. మీరు చదువుకున్నోరు కదా, మిమ్మల్ని మర్చిపోలేదు."

నాకు ఏడుపొచ్చింది. పిన్నీసుల గొలుసు సవరించుకుని, నా చేతి మీద ఒకసారి తట్టింది.

హోటల్లో బాబా గట్టిగా అడిగాడు, ఎక్కడికెళ్ళావని. నేను నోరు తెరిచేలోపు ఆమే చెప్పింది. "మాఫీ ముఖ్, బాబా." నాకు బుర్ర లేదు అని. బొమ్మలమ్మే కొట్లు చూస్తూ ఉండిపోయానంది. నేను ముందుకొచ్చాను. ఆమె తెలుగులో, నా వైపు చూడకుండానే అంది: "ఊరుకోండి. చెప్తే ఇద్దరికీ పని పోద్ది. ఒకళ్ళకి పోతే చాలు."

నేను ఊరుకున్నాను.

ఆ డిసెంబరులో ఆమె సెలవుకి ఇంటికెళ్ళాల్సింది. బాబా కాదన్నాడు. ఈసారి వెళ్తే తిరిగి రాదేమోనని ఆయన అనుమానం. మరుసటి ఏడాది పెద్దావిడ మంచాన పడింది, ఆమె కదల్లేకపోయింది. ఈ డిసెంబరుకి టికెట్ తీశారు. అందరికీ కొనాల్సినవి నా చేత కాగితం మీద రాయించుకుంది కూడా.

షియాన్ నుంచి వచ్చాక ఆమె నన్ను అమ్మాయ్ అని పిలవడం మొదలుపెట్టింది. నేను పెద్దమ్మా అన్నాను. ఆ పిలుపు అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు. ఎప్పుడైనా టీ తెచ్చినప్పుడు, పిల్లలు రాసుకుంటుంటే మెల్లిగా అనేది: "ముప్పై నలభై మంది తీశారమ్మాయ్. నా పెళ్ళికి కూడా అన్ని తియ్యలేదు. ఎవరెవరి ఫోన్లల్లో ఉన్నానో." అంత సంతోషంగా అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ నేను పుస్తకంలోకి చూసేదాన్ని.

మొన్న ఆ నీడ ఫోటోలు నాకు పంపుకుని, ఫోన్ తిరిగిచ్చేస్తూ మామాకి అంతా చెప్పాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. మామా ఫోన్ ఒళ్ళో బోర్లించి పెట్టుకుంది. "జాకెట్ కోసం పంపింది నేను," అంది. "బస్సు కదిలినప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు." ఇద్దరం వంటింటి తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. నాలుగైంది. ఎవరూ తట్టలేదు.

తర్వాత కూతురికి ఫోన్ చేశాను. నీడ తప్ప ఫోటో ఎందుకు లేదో, ఆ డిసెంబరులో వాళ్ళమ్మ ఎందుకు రాలేకపోయిందో చెప్పాను. నా వల్లనే అని చెప్పాను.

"ఆ రోజు ఏం వేసుకుంది?" అంది.

"నీలం గౌను. పైన మామా ఇచ్చిన గోధుమరంగు శాలువ."

"నిజంగా నవ్విందా?"

"నవ్వింది. చాలా."

"మరి ఎందుకు తియ్యలేదక్కా?" అంది. కోపంగా అనలేదు. "ఆ నీడ ఉన్న ఫోటోలు పంపండి," అని పెట్టేసింది.

పంపాను. రాత్రి ఒక మెసేజ్ వచ్చింది. "బరువంతా ఎడమకాలి మీద వేసింది. అమ్మే."

ఇప్పటికీ బస్సెక్కితే నేను మనుషుల్ని లెక్కపెడతాను. ఒకటి ఎక్కువే పెడతాను. ఫహాహీల్ రోడ్డు మీద స్టాపుల్లో, మోచేతికి సంచి తగిలించుకుని నిలబడ్డ ఆడవాళ్ళని చూస్తే, బస్సు కదిలేదాకా వెనక అద్దంలోంచి చూస్తాను.

ఆ ఊళ్ళో, నాకు తెలియని ఇళ్ళల్లో, ఏ అమ్మాయో పాత ఫోటోలు వెనక్కి తిప్పుకుంటూ ఒకచోట ఆగుతుంది. పూలు పెట్టుకుని తను. పక్కన పేరు తెలియని ఒక ఆవిడ, చేతిలో పట్టు విసనకర్ర, మడిచి వేసుకున్న చిన్నపిల్లాడి జాకెట్. వెనక గోడ మీద దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఆవిడ నవ్వుతూ, బస్సు ఆగిన చోటే నిలబడి ఉంది.