జనరేటర్ ఆపిన పాపం

తోటపల్లి గూడూరు దగ్గర మాకు రొయ్యల చెరువుంది. ఓ మబ్బు ఉదయం కరెంటు పోయి, నీటికి గాలందించే ఏరేటర్లు జనరేటర్ మీదే తిరుగుతున్నాయి. పక్కింటి మేరక్క జనరేటర్ పొగ మీద అంతకుముందే ఫిర్యాదు చేయడంతో, అప్పుడే కాలుష్య శాఖ ఆఫీసరు వచ్చారు. పొగ ఆయన కంటపడకూడదని నేను గబుక్కున జనరేటర్ ఆపేశాను.

ఆయన కాగితాలు చూస్తుండగానే రొయ్యలు గాలాడక నీటిపైకి తేలాయి. ఆఫీసరు ముందు జనరేటర్ మళ్లీ వేయడానికి నేను జంకాను. మేరక్కే పరుగెత్తుకొచ్చి స్విచ్ వేసింది.

"పొగ తగ్గించమంటిని గానీ, రొయ్యల్ని చంపమంటినా?"

కాసేపటికి రొయ్యలు అడుగుకు దిగాయి. పొగగొట్టం పక్కింటి కప్పు కన్నా ఎత్తుండాలని ఆఫీసరు చెప్పారు. ఆ వారమే పెంచాం.

ఇప్పుడు కరెంటు పోతే, "జనరేటర్ వెయ్యి పాపా!" అని మొదట కేకేసేది మేరక్కే.