బోర్డు మీది 'అండ్ కో'

చిత్తూరులో బోర్డులు రాసి బతికే రోజుల్లో మా పెయింటర్లందరికీ ఒక అలవాటు ఉండేది. బోర్డు పూర్తయ్యాక కింద కుడివైపు మూలన, చీమలంత అక్షరాలతో, రాసినవాడి పేరు పెట్టుకునేవాళ్లం. కొట్టు యజమానులకు అది గిట్టేది కాదు. "నా డబ్బుతో నీ పేరు రాసుకుంటావా?" అని సణిగేవాళ్లు. కానీ మాకు ఆ మూలే అన్నం పెట్టేది. అది చూసే ఇంకో కొట్టువాడు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాడు. కూలి దగ్గర ఎంత తగ్గినా సంతకం దగ్గర మాత్రం ఎవరమూ తగ్గేవాళ్లం కాదు.

ఒకే ఒక్క మనిషి దగ్గర నేను దాన్ని వదులుకున్నాను. అతను హైస్కూల్లో నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. వాళ్ల నాయనకు బంగారుపాళ్యం దగ్గర మామిడితోటలు ఉండేవి. డెబ్బైల చివర్లో ఆ రోడ్డు వెంబడి జ్యూస్ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తుంటే, తనూ మామిడి గుజ్జు డబ్బాల్లో పట్టి మద్రాసుకు పంపాలన్న పురుగు మావాడి బుర్రలో దూరింది. రేకుల షెడ్డు వేశాడు, బ్యాంకులో అప్పు చేశాడు, యంత్రాలు దింపాడు. తీరా బోర్డు దగ్గరికి వచ్చేసరికి చేతులు ఖాళీ అట. స్కూటర్ మీద నా కొట్టుకు వచ్చి, నా ఖాతాలోనే టీ తెప్పించి, మెల్లగా మొదలుపెట్టాడు.

"అప్పా, బోర్డు కావాల. డబ్బా మీదికి లేబులు బొమ్మ కావాల. పలమనేరు దాకా రోడ్డు పక్క గోడలన్నీ రాయాల. ఇప్పుడు సగం కూలి ఇస్తా. మిగతా సగానికి ఫ్యాక్టరీలో వాటా పెట్టుకో. ఇంక నువ్వు కూలోడివి కాదబ్బా, ఓనరువి."

ఆ మాటకు నేను ఎంత ఉబ్బిపోయానో ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే ఒళ్లు మండుతుంది. నిచ్చెన ఎక్కి దిగేవాణ్ని అంతవరకూ ఎవరూ ఓనరు అనలేదు మరి. కాగితం రాసుకుందామా అని అడగబోయి నోరు మూసుకున్నాను. ఒకే బెంచీ వాణ్ని కాగితం అడగడమేమిటని మొహమాటం.

ఇంట్లో చెబితే మా ఆవిడ బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టింది. "సగం కూలితో ఈ ఇల్లెట్ట నడపాలో ఆ ఓనరు దొరనే అడిగి రాపో" అంది.

షెడ్డు ముందుకు పెద్ద రేకు బోర్డు రాశాను. అతని పేరు ఎర్రగా, పక్కన నిగనిగలాడే తోతాపురి కాయ. పేరు తర్వాత 'అండ్ కో' అని వేయమన్నాడు. "ఆ కో ఎవురనుకుంటాండావు? నువ్వేప్పా!" అని వీపు చరిచాడు. ఆ రెండు ముక్కలకు పెట్టినంత శ్రద్ధ అతని పేరుకు కూడా పెట్టలేదు నేను. అంతా అయ్యాక అలవాటుగా సన్న బ్రష్ తీసుకుని మూలకు వంగితే, చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏమప్పా, సొంతింటి గోడ మింద ఎవురన్నా సంతకం పెట్టుకుంటారా? అది కూలికి రాసేవాళ్లు పెట్టేది."

నాకే సిగ్గేసి బ్రష్ కిరసనాయిల్లో ముంచేశాను. లేబులు మీద పెట్టలేదు, రోడ్డు పక్క గోడల మీదా పెట్టలేదు.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చిందంటే ఫ్యాక్టరీ ముందు మామిడికాయల బండ్లు బారులు తీరేవి. బస్సులో పోతూ నేను రాసిన గోడ కనబడితే పక్క సీటు మనిషికి "అది మాదే" అని చెప్పేవాణ్ని. వాటా మాట ఎత్తితే మాత్రం మావాడి దగ్గర ఏటికో జవాబు ఉండేది. ఒక ఏడు కాయ రేటు పెరిగిపోయింది. ఇంకో ఏడు డబ్బాలు ఉబ్బి లోడంతా వెనక్కొచ్చింది. "ఇంకొక్క కాపు తాళుకో అప్పా" అనేవాడు. తాళుకున్నాను. ఇక్కడ నా కొట్టు చిక్కిపోయింది. అన్నిచోట్లా నేను రాసిన గోడలే ఉన్నా నన్ను వెతుక్కుంటూ ఎవరొస్తారు? మూలన పేరు ఉంటే కదా. మా ఆవిడ కమ్మలు కుదవకొట్టుకు వెళ్లి అక్కడే ఉండిపోయాయి.

ఒకరోజు రంగులు తీసుకుని రమ్మని కబురు పంపాడు. ఇన్నాళ్లకు గుర్తొచ్చానని ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాను. కాఫీ ఇచ్చి, బోర్డు వెలిసిపోయిందన్నాడు. "అంతా కొత్తగా రాయప్పా. ఆ 'అండ్ కో' తీసేసి 'అండ్ సన్స్' అని పెట్టు."

కొడుకుల్లో పెద్దవాడు ఇంకా నిక్కర్లలోనే ఉన్నాడు. "మరి నా వాటా?" అన్నాను.

"అది మాట్లాడుకుందాంలే. ముందు పని కానీ."

ఇంకా ఆశ చావక నిచ్చెన ఎక్కాను. నా చేత్తో రాసిన 'కో'ను నేనే గీకి, పైన రంగు పూసి, 'సన్స్' రాశాను. బ్రష్ తుడుచుకుంటుంటే కింద నుంచి కేకేశాడు.

"ఏమప్పా, సంతకం మర్సిపోయినావే! పెట్టుకో. పదిమంది సూస్తారు, నీకూ నాలుగు బేరాలొస్తాయి."

ఎంత ప్రేమగా అన్నాడో! ఇంక వాటా గురించి మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదని అప్పుడు అర్థమైంది. ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు ఇంత నవ్వుతూ నా గొంతు కోశాడు. రంగు డబ్బా అతని తెల్లచొక్కా మీద కుమ్మరిద్దామనిపించింది. మా ఆవిడ బోసి చెవులు గుర్తొచ్చి ఆగిపోయాను.

సన్న బ్రష్ తీసి, మూలకు వంగి, నా పేరు పెట్టాను. దిగి వచ్చేసరికి డబ్బు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు పైసా తగ్గించకుండా కూలి మొత్తం ఇచ్చాడు.