పిన్ని బోర్డు మీద ఇరవై మూడో వచనం

మా పిన్ని నోటికి మూత లేదు. ఆవిడ దగ్గరున్న మూతలన్నీ పిండి గిన్నెల మీదే ఉంటాయి. తెల్లారకముందే లేచి రొట్టెలు కాల్చే మనిషి. వీధి మొత్తానికి బేకరీ అమ్మ, నాకు మాత్రం మా అమ్మ చెల్లెలు. ఆవిడని చూస్తే నాకు నవ్వొస్తుంది, ఒళ్లు మండుతుంది, ముద్దొస్తుంది. ఏ రోజు ఏది ముందొస్తుందో చెప్పలేను.

బేకరీ గుమ్మం పక్కన ఒక నల్లబోర్డు ఉంది. ఇంకెవరైనా అయితే దాని మీద ఏ బన్ను ఎంతో రాస్తారు. పిన్ని మాత్రం పొద్దున్నే ఒక బైబిలు వచనం రాసి, కింద తన మాటగా ఒకటో రెండో వాక్యాలు చేరుస్తుంది. "ప్రేమ దీర్ఘకాలము సహించును" అని రాసిన రోజు కింద ఇలా ఉంది: "పిండి పొంగేదాకా మూత తీసి చూడకండి. మనుషుల విషయంలోనూ అంతే." పనులకి పోయేవాళ్లు ఆగి చదివి, నవ్వుకుని, ఒక రొట్టె కొనుక్కుని పోతారు.

అంతటితో ఆగితే మా పిన్ని ఎందుకవుతుంది? రాసిన వచనం ప్రకారం షాపు మూసేదాకా నడుచుకోవాలని తనకి తనే ఒక నియమం పెట్టుకుంది. అది వీధికి తెలిసిపోయింది. "అడుగుడి మీకియ్యబడును" అని రాసిన రోజు స్కూలు పిల్లలంతా గుమ్మం ముందు బారులు తీరి, "ఆంటీ, అడుగుతున్నాం!" అన్నారు. పిన్ని గుటకలు మింగుతూ ట్రేలు ఖాళీ చేసింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆచితూచి, తనకి ఇబ్బంది లేని వచనాలే రాసింది.

అది మా చర్చి అయ్యగారి కంటపడింది. ఒక ఆదివారం ఆయన నవ్వుతూ, "ఏమ్మా, పండ్ల బండి దగ్గర ఏరుకున్నట్టు వచనాలు ఏరుకుంటున్నావే!" అన్నారు. ఆయన సరదాకి అన్నారు. పిన్నికి పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడే మత్తయి సువార్త తీసి, కొండమీది ప్రసంగం మొదటి నుంచీ రోజుకొక వచనం, వరుస తప్పకుండా రాస్తానని అందరి ముందూ శపథం చేసింది. ముందు ముందు ఏమొస్తుందో చూసుకోలేదు. ముందు చూసుకుని మాట్లాడే అలవాటు మా పిన్నికి పుట్టుకతోనే లేదు.

చూసింది ఎదురుషాపులో వాచీలు బాగుచేసే తాతయ్య. ఆయన బైబిలు తీసి వేలితో ఒక్కో వచనం లెక్కపెట్టుకుంటూ పోయి ఒకచోట ఆగారు. రొట్టె కోసం వచ్చిన నన్ను పిలిచి చూపించారు. ఐదో అధ్యాయం, ఇరవై మూడు, ఇరవై నాలుగు. విరోధమున్న సహోదరుడి దగ్గరికి ముందు వెళ్లి సమాధానపడమనే వచనాలవి. చదివి నేను హడలిపోయాను.

ఎందుకంటే మా అమ్మకీ పిన్నికీ రెండేళ్లుగా మాటల్లేవు. పిన్నికి రొట్టె చేయడం నేర్పింది మా అమ్మే. తర్వాత కీళ్లజబ్బు వచ్చి అమ్మ వేళ్లు వంకర్లు పోయాయి, పిండి ముట్టడం మానేసింది. మా తమ్ముడి పెళ్లికి పిన్ని పెద్ద కేకు చేసింది. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, నలుగురిలో, "మధ్యలో పచ్చిగా ఉందే" అంది. ఉన్న మాటే. కానీ పిన్ని ముఖం కందగడ్డ అయింది. "చేతులు పడిపోయాక నోరొక్కటే మిగిలింది నీకు!" అంది. ఆ రోజు నుంచి చర్చిలో అమ్మ మొదటి వరుస, పిన్ని చివరి వరుస.

అలాగని ఒకరిని వదిలి ఒకరు ఉండగలరా అంటే, అదీ లేదు. నేను రోజూ పిన్ని దగ్గరే రొట్టె కొని ఇంటికి తెస్తాను. అమ్మ అది తింటూ, "ఎవరు చేశారో గానీ ఉప్పు తగ్గింది" అంటుంది. మర్నాడు పిన్ని తూకం చూస్తున్నట్టు నటిస్తూ, "తిన్నవాళ్లు ఏమన్నారు?" అంటుంది. ఉప్పు తగ్గిందన్నారని చెబుతాను. ఆ మర్నాడు ఉప్పు సరిపోతుంది. ఈ రాయబారాలతో నా కాళ్లు అరిగాయి.

వచనాలు నడుస్తున్నాయి. "సాత్వికులు ధన్యులు" వచ్చిన రోజు సగం కొరికిన బన్ను వెనక్కి తెచ్చినాయనకి కూడా పిన్ని పళ్లు బిగబట్టి నవ్వుతూ కొత్తది ఇచ్చింది. "మీరు లోకమునకు ఉప్పయి యున్నారు" కింద, "ఎక్కువైతే ఎవరూ తినలేరు. భక్తి కూడా కొలత చూసి వేయండి" అని రాసింది. "మీరు లోకమునకు వెలుగై యున్నారు" కింద, "కరెంటు లేదు. రొట్టెలు ఆలస్యం." వీధి వీధంతా నవ్వింది. నవ్వుతూనే అందరూ ఇరవై మూడు కోసం ఎదురుచూస్తున్నారు. తాతయ్య కడుపులో మాట దాగదు కదా! పిన్ని వరుస తప్పిస్తుందా, రాస్తుందా, రాస్తే వెళ్తుందా? నాకు మాత్రం ఒకటే భయం. ఆ వచనం దాటేసిందంటే ఇక ఆ అక్కచెల్లెళ్లు ఈ జన్మకి కలవరు.

ఆ రోజు రానే వచ్చింది. బోర్డు మీద ఉంది: "కాబట్టి నీవు బలిపీఠమునొద్ద అర్పణము నర్పించుచుండగా నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని అక్కడ నీకు జ్ఞాపకము వచ్చినయెడల." అంతే. కింద ఖాళీ. పిన్ని బోర్డు కింది భాగం ఖాళీగా ఉండడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు.

"పిన్నీ, కింద ఏం రాయలేదే?" అన్నాను.

"వాక్యమే సగంలో ఆగింది. పూర్తికాని మాటకి నేనేం రాసేది?"

"మిగతా సగం రేపొస్తుందిగా?"

"వస్తే రానీ. అయినా అందులో సహోదరుడు అనే ఉంది, అక్క అని లేదు." పిన్ని నా వైపు తిరగలేదు. "మొదలుపెట్టింది తను. నలుగురిలో అన్నది తను. నేనెందుకే వెళ్లాలి?"

పక్కనే నిలబడ్డ వాచీల తాతయ్య బన్ను తుంచుకుంటూ మెల్లగా అన్నారు. "అమ్మా, తప్పెవరిదో ఆ వచనం అడగనేలేదు చూశావా? అవతలివాళ్ల మనసులో ముల్లుందని ఎవరికి గుర్తొస్తే వాళ్లనే బయల్దేరమంది."

పిన్ని ట్రే తుడిచింది. తుడిచిన ట్రేనే మళ్లీ తుడిచింది. నోటికి మూత లేని మనిషి మాట్లాడకపోతే చూడలేం. నేను రొట్టె తీసుకుని వచ్చేశాను.

సాయంత్రం అమ్మ ఎప్పటిలాగే, పిన్ని ఊసెత్తకుండా, "ఇవాళ ఆ బోర్డు మీద ఏముంది?" అంది. చెప్పాను. మిగతా సగం, అంటే కానుక అక్కడే విడిచిపెట్టి మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమనేది, అమ్మకి కంఠతా వచ్చు. లోలోపల చదువుకుంటూ పెదాలు కదిపింది.

"దాని కింద ఏం రాసింది?"

"ఏమీ రాయలేదమ్మా."

అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు నేను లేచేసరికి అమ్మ ఆదివారం బట్టలు వేసుకుని, తల దువ్వుకుని, తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఉంది. బొత్తాం ఒకటి తప్పు కాజాలో పడింది. ఆ వేళ్లతో అన్ని బొత్తాలు పెట్టుకోవడానికి ఎప్పుడు లేచిందో ఏమో!

"ఎక్కడికమ్మా?"

"రొట్టెకి. ఏం, నాకు కాళ్లు లేవా?"

"రోజూ నేను తెస్తున్నానుగా?"

అమ్మ కుర్చీలోంచి లేస్తూ, "అది ఆ వచనం రాసేలోపు వెళ్లాలే" అంది. "దాని మీద నాకేం కోపం లేదని నేనే చెప్పేస్తే, అది రావలసిన పనే ఉండదు. చిన్నప్పట్నుంచీ దానికి తప్పు ఒప్పుకోవడం చేతకాదు. వీధంతా చూస్తుండగా ఒప్పుకోవాలంటే చచ్చిపోతుంది, పిచ్చిముండ."

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ బొత్తాం సరిచేసి, చెయ్యి పట్టుకుని బయల్దేరాను.

పోస్టుడబ్బా మలుపు దగ్గర ఎదురుగా ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. ఏప్రాన్ నిండా పిండి, చేతిలో సుద్దముక్క, కాళ్లకి చెప్పులు లేవు. మా పిన్ని! అమ్మని చూసి ఠక్కున ఆగింది.

"ఎక్కడికే?" అంది అమ్మ.

"నీ దగ్గరికే. నువ్వో?"

"నీ దగ్గరికే."

పిన్ని ముఖం ముడుచుకుపోయింది. "అక్కా, ఆ రోజు నీ చేతుల గురించి అన్నాను చూడు... ఆ మాట నోరు దాటినప్పట్నుంచీ నేను తిన్నది ఒంటబట్టలేదు."

అమ్మ ఎగాదిగా చూసింది. "బాగానే పట్టినట్టుందే!"

పిన్ని ఏడుస్తూనే నవ్వేసింది. అమ్మ ఆ వంకరవేళ్లతోనే ఆవిడ కళ్లు తుడిచి, "నలుగురిలో అనకుండా ఉండాల్సింది నేను. తప్పు నాదీ ఉందే" అంది. ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. నేను నిలబడి వాళ్లిద్దరికంటే ఎక్కువ ఏడ్చాను. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు.

ఆ కన్నీళ్లు ఆరకముందే మళ్లీ తగాదా. "మొదట బయల్దేరింది నేను!" అంది పిన్ని. "వచనంలో మొదట వెళ్లి అని ఉంది."

"నువ్వా? నేను ఎప్పుడో తయారై కూర్చున్నా. అయినా అక్కని నేను. ఏదైనా మొదట నేనే." అని, అమ్మ ఉన్నట్టుండి గాలి పీల్చింది. "ఏమే, ఓవెన్ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. కానుక అక్కడే విడిచిపెట్టి రమ్మన్నాడుగా ప్రభువు!"

"విడిచిపెట్టమన్నాడు గానీ మాడబెట్టమన్నాడా!"

ముగ్గురం పరుగెత్తాం. బేకరీ నిండా పొగ. తాతయ్య పేపరుతో విసురుతున్నారు. పొద్దుటి రొట్టెలన్నీ బొగ్గులయ్యాయి. గుమ్మం ముందు జనం ఖాళీ సంచులతో నిలబడి, అక్కచెల్లెళ్లు కలిసి రావడం చూసి ఒకటే చప్పట్లు. బోర్డు మీద ఇరవై నాలుగో వచనం వంకర టింకరగా ఉంది. పిన్ని ఆయాసపడుతూనే దాని కింద రాసింది: "ఎవరు మొదట వెళ్లారో ఇంకా తేలలేదు. ఈ పూట రొట్టెలు లేవు, క్షమించండి." ఒక్కరూ కోప్పడలేదు.

మళ్లీ పిండి కలపాలి. పిన్ని పెద్ద గిన్నె తెచ్చి అమ్మ ముందు పెట్టింది. "నా చేతులతో కాదే" అంది అమ్మ. పిన్ని వెనక నిలబడి, అమ్మ చేతుల్ని పిండిలో పెట్టి, వాటి మీద తన చేతులు వేసి మెల్లగా నొక్కడం మొదలుపెట్టింది. అమ్మ కళ్లు మూసుకుంది. రెండేళ్లు కాదు, అంతకు ముందెప్పుడో ముట్టడం మానేసిన పిండి అది.

"ఇంకాస్త నీళ్లు పొయ్యవే, గట్టిగా ఉంది" అంది అమ్మ.

ఎవరైనా తప్పు చెబితే ఇంతెత్తున లేచే మా పిన్ని, మారుమాట్లాడకుండా నీళ్లు పోసింది.