ఖాసింబీ పెద్దమ్మ ఇచ్చిన మన్ను

మొన్న మనవరాలు సెలవులకు వచ్చి, చేనులో ఒక వేరుశనగ మొక్క పీకి నా ముక్కు దగ్గర పెట్టింది. పచ్చివేరు వాసన, తడి ఎర్రమన్ను వాసన. వేళ్ళనిండా సజ్జగింజలంత బుడిపెలు. వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని సత్తువను మొక్కకు అందిస్తాయట. వాటి గుణాలను మోసే సన్నటి పోగును డీఎన్ఏ అంటారట, అందులో కొన్ని తునకలు ఉన్నచోట ఉండవట.

“లేచి ఇంకోచోట కూచుంటాయవ్వా. ఒక్కోసారి పక్కనుండే జీవిలోకీ పోతాయి. అంతవరకూ మట్టిలో ఊరికే పడుండేది గూడా వేరుకు పనికొచ్చేది అయిపోతాది” అంది.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. అయినా ఆ మాట నాకు కొత్తగా అనిపించలేదు. ఖాసింబీ పెద్దమ్మ గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల యాభైల నాటి సంగతి. కమలాపురం దగ్గర కొత్తగా దున్నిన మా బీడులో మొదటి ఏడు వేసిన వేరుశనగ పసుపుబారి ఎండిపోయింది. రెండో ఏటికి ఇంట్లో మిగిలింది ఒక్క మూట విత్తనం. అదీ పోతే చేను అమ్ముకోవలసిందే అన్నాడు మా ఆయన. పక్కనే పెద్దమ్మ చేను ఏటేటా పచ్చగా ఉండేది. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆమే గట్టు మీదికి వచ్చింది.

“నా చేని మన్ను ఒక గంప తీసుకపోమ్మే. బెల్లం నీళ్ళు కలిపి ఇత్తనాలకు పట్టించు.”

“బిడ్డలకే లేదు పెద్దమ్మా, బెల్లం మన్నుకు పొయ్యాల్నా?”

“పిడికెడు చాలు లే. శానా పీనాసిదానివి!”

మన్ను తెచ్చి జల్లెడ పట్టాను. పురుగూ పుట్రా పోవాలని రెండు రోజులు ఎండలో ఆరబోశాను. ఇంట్లోకి ఏ గింజ వచ్చినా నేను చేసే పని అదే. మూడోరోజు పెద్దమ్మ చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది.

“బతికిండే మన్ను ఇస్తే వడియాల మాదిరి ఎండబెడితివా!”

“మన్నులో పానం యాడుంటాది పెద్దమ్మా?”

“యాడుంటాదో నాకేం తెలుసు? ఎండకు పోతాదని మాత్రం తెలుసు. ఒకేడు నేనూ ఇట్లే చేసి చెడిపోతి. గంప పట్టుకో, పా.”

తిడుతూనే తన చేను తానే తవ్వి, గంప నింపి, తడి గోనె కప్పింది. పిడికెడు బెల్లం ఏడుపుమొహంతో కరిగించాను. నీడలో పట్టించి ఆ పూటే విత్తాం. నెలన్నరకు ఒక మొక్క పీకి చూస్తే వేళ్ళనిండా బుడిపెలు. చేను మాకే మిగిలింది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నేను పుట్టుకతోనే పిడికిలి విప్పని మనిషిని. ఇచ్చే గుణం ఏదైనా నాలో ఉంటే అది పక్క చేనునుంచి వచ్చిందే. పూర్తిగా రాలేదు. బెల్లం అడిగితే ఇప్పటికీ ఎందుకని అడిగాకే ఇస్తాను. మన్ను అడిగితే మాత్రం నేనే తవ్వి, తడి గోనె కప్పి, ఎండలో పెడితే ఊరుకోనని కసిరి మరీ పంపిస్తాను.