కూర్చున్నాక చూడు

ఎదురింటి పెద్దనాన్న పోయారని వాళ్ళ కోడలు గేటు దగ్గర నిలబడి చెప్పింది. తెలంగాణ వచ్చిన సంబరానికి వీధిలో కట్టిన తోరణాలు ఇంకా విప్పనే లేదు. ముందురోజు సాయంత్రం కూడా పార్కులో చెప్పులు విడిచి గడ్డి మీద నడిచారట. తెల్లవారి లేపితే లేవలేదు. పాలగిన్నె చేతిలో ఉండగానే నా కళ్ళు వీధి మలుపులోని ఆ పార్కు వైపే తిరిగాయి.

మీరు ఉప్పల్ నుంచి చిల్కానగర్ మీదుగా నాచారం వైపు వస్తుంటే అలాంటి పార్కులు కనిపిస్తూనే ఉంటాయి. నాలుగు వేపచెట్లు, కాస్త గడ్డి, రెండు బల్లలు. ఆగి చూడాల్సిందేముంది అనుకుంటారు. నేను మాత్రం ఇప్పటికీ ఆగి చూస్తాను.

మేము ఇల్లు కట్టుకొని వచ్చిన కొత్తలో అది ఒక గుంత. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన జాగానే, కానీ ఇల్లు కట్టినవాళ్ళంతా పగిలిన ఇటుకలూ పెంకులూ తెచ్చి అందులో పోసేవాళ్ళు. ఒకరోజు పొద్దున చూస్తే ప్లాట్లు చేసినట్టు ఎవరో సున్నంతో గీతలు గీసి పోయారు. మున్సిపాలిటీకి పోయి గట్టిగా అడిగితే, నేల మీరు తయారు చేసుకోండి, వానలు మొదలవగానే గడ్డీ మొక్కలూ మేం పెడతామన్నారు. పచ్చదనం నిలబడితే ఆ జాగా జోలికి ఎవరూ రారు. నిలబడకపోతే మళ్ళీ సున్నం గీతలే.

ఘట్‌కేసర్ దగ్గర పునాదులు తవ్వుతున్న చోటు నుంచి ఎర్రమట్టి తెస్తానని మా వీధి లారీ ఆయన ఒప్పుకున్నాడు. ఎంత కావాలో ముందే చెప్పాలన్నాడు. వాన పడితే ఆ బాటలో లారీ దిగబడుతుంది, మళ్ళీ తేలేడు. మట్టి తక్కువైతే నీళ్ళు నిలిచి వేర్లు కుళ్ళిపోతాయి. ఎక్కువైతే బురదంతా పల్లంలో ఉన్న ఇంట్లోకి వస్తుంది. పల్లంలో ఉన్న ఇల్లు మాదే.

పెద్దనాన్న రైల్వేలో పట్టాల ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవారు. ఉద్యోగమంతా పట్టాల కింద మట్టికట్టలు పోయించడం, కంకర పరిపించడమే. అందుకే ఆ లెక్క ఆయనకు అప్పజెప్పాం. టేపు పెట్టి కొలిచి చెప్పేస్తారనుకున్నాను. కొలిచారు. తర్వాత చెప్పులు విడిచి గుంతంతా నడిచారు. అక్కడక్కడ గడ్డపారతో పొడిచి చప్పుడు విన్నారు. నా చేత బిందెడు నీళ్ళు పోయించి, అవి ఎటు పోతాయో గొంతుకూర్చుని చూశారు. నీళ్ళు పెంకుల సందుల్లోకి గుటగుటమని దిగిపోయాయి.

"సూసినవా బిడ్డా? మట్టి గూడ గిట్లనే సందులల్లకు వోతది. గది టేపుల రాదు. నేలను అడగాలె" అన్నారు.

ఆయన చెప్పిన లెక్క ప్రకారం లారీ మట్టంతా పోసిపోయాక పోయి చూశాను. చుట్టూ కట్టిన గట్టును దాటి మట్టి మోకాలెత్తు లేచింది. వీధంతా గోల గోల. నాకసలే నోరు ఆగదు, నేరుగా వాళ్ళింటికి పోయాను.

"ఏంది పెద్దనాన్నా, మా ఇంటిని ముంచుతరా? గట్టుకు సమంగ పోస్తే సాలదా?"

ఆయనకు కోపం రాలేదు. "గోంగూర వండుతవు గదా, గిన్నెల ఎంత పోస్తవ్?"

"గోంగూరకు, దీనికి ఏం సంబంధం?"

"జర చెప్పు."

"నిండ కుప్ప పోస్త. పొయ్యి మీద పెడితే దిగుతది."

"గంతే. వచ్చిన మట్టి వేరు, ఉండే మట్టి వేరు. కూసున్నంక సూడు."

మా ఆయన రోలర్ తెప్పిద్దామన్నాడు. "రోలర్ తొక్కితే నేల సస్తది. వాన తొక్కాలె, పోరగాండ్లు తొక్కాలె" అని పెద్దనాన్న వీధిలోని పిల్లలందర్నీ ఆ మట్టి మీదికి తోలారు. తల్లులు బట్టలు ఉతకలేక ఆయన్ని తిట్టుకున్నారు.

మొదటి వాన రోజు నేను గడపకు అడ్డంగా ఇసుక సంచులు పెట్టుకొని కూర్చున్నాను. ఆయన పంచె ఎగ్గట్టి, గొడుగు పట్టుకొని మట్టి పక్కనే నిలబడ్డారు. ఎర్రనీళ్ళు మా మెట్టు దాకా వచ్చి మోరీ కాలువలోకి మళ్ళాయి. బురద రాలేదు. తర్వాత వాన వెనక వాన. ముసురు వదిలిన పొద్దున పోయి చూస్తే మట్టి నాలుగు వైపులా గట్టుకు సమంగా ఉంది. వంగి, గట్టు మీది నుంచి మట్టి మీదికి అరచేయి జరిపాను. ఎక్కడా ఎత్తూ పల్లమూ తగల్లేదు. మట్టిని ఎవరైనా కొలుస్తారు. ఇంకా పడని వానల్నీ, పిల్లలు ఇంకా ఆడని ఆటల్నీ కలుపుకొని కొలిచిన మనిషిని నేను ఈయన్నొక్కణ్ణే చూశాను.

"ఇగ ఆ సంచులు తియ్యి బిడ్డా, గడపకు అడ్డం. చాయ్ పెట్టు" అన్నారు వెనక నుంచి. అంతే, ఇంకో మాట లేదు.

గడ్డి పట్టుకుంది, వేపలు లేచాయి. సున్నం గీతలు మళ్ళీ పడలేదు. ఆ తర్వాత పెరట్లో తోట వేసుకునేవాళ్ళు ఎంత మట్టి కావాలని నాచారం నుంచి కూడా ఫోన్ చేసేవాళ్ళు. "ఫోన్ల నేల కనవడదు, వస్త ఉండు" అని బస్సెక్కేవారు. అక్కడా చెప్పులు గేటు బయటే.

పెద్దనాన్న వాళ్ళల్లో పూడ్చే ఆచారం. వీధంతా మట్టికి పోయాం. తలా పిడికెడు వేశాం. పెద్దకొడుకు పార తీసుకొని పూడ్చి, పైన కొట్టి గట్టి చేసి, మిగిలిన మట్టిని పక్కకు నెట్టబోయాడు. "నేలకు సమంగ అయింది, ఇగ సాలు" అన్నాడు. అంతమంది మగవాళ్ళ మధ్య మాట్లాడాలని నేననుకోలేదు. కానీ ఆగలేకపోయాను.

"సాలదు తమ్మీ. పారతోని కొట్టకు, వాన తొక్కుతది. ఉన్నదంత కుప్ప పొయ్యి. మట్టి కూసుంటది."

అతను నా వైపు చూశాడు. అవి ఎవరి మాటలో అతనికి నేను చెప్పక్కర్లేదు. కళ్ళు తుడుచుకొని, పక్కనున్న మట్టినంతా మళ్ళీ పైకి ఎత్తి పోశాడు.

ఇది రాస్తుంటే బయట వాన అందుకుంది. పార్కులో పిల్లలు ఇంకా ఇళ్ళకు పోలేదు, తడుస్తూ గడ్డి మీద ఉరుకుతున్నారు. అక్కడ ఆయన మీది ఎర్రమట్టి కూడా తడుస్తూ ఉంటుంది, కొంచెం కొంచెంగా కూర్చుంటూ.