కొడుకు కాని వాడి కోసం

రాయపురంలో పుళల్ వైపు వెళ్ళే బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ ఒడిలో అరటిపళ్ళ సంచి పెట్టుకుని కూర్చుంది. చుట్టూ తమిళం వినిపించే ఆ బస్సులో నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, "మనోడివేనా నాయనా?" అని పలకరించింది. ఎక్కడికి వెళ్తున్నారని అడిగాను.

"జైలుకి. ఆడ ఒక పిలకాయని చూసేదానికి."

"మీ అబ్బాయా అమ్మా?"

"కాదప్పా. మా అబ్బాయిని పొడిచి చంపినోడు."

ఫోన్ జేబులో పెట్టేసి ఆమె వైపు తిరిగాను. "వాణ్ణి క్షమించేశారా?" అన్నాను.

"ఏడ క్షమించినాను! వాణ్ణి చూస్తే ఈపొద్దుకీ గొంతు పిసికెయ్యాలనిపిస్తాది. మనమంతా పాపులమని చర్చిలో చిన్నప్పట్నించీ నోటితో చెప్తానే ఉన్నా. వాడు చేసిన పని నా చేతుల్లో కూడా ఉందని వాణ్ణి చంపాలనిపించినప్పుడే తెలిసింది. వాణ్ణి చూసేదానికి ఎవురూ రారు. నాకూ ఇంట్లో ఎవురూ లేరు."

"వాడేమంటాడు?"

"తలొంచుకొని ఏడుస్తాడు. నేనూ ఏడుస్తా. అంతలో టైమైపోయిందంటారు."

జైలు స్టాపు రాగానే ఆమె సంచి పట్టుకుని లేచింది. "ప్రార్థన చెయ్యి నాయనా, నాకోసం. వాడి కోసం కూడా" అని దిగిపోయింది.

నాకు ప్రార్థన చేయడం రాదు. అయినా గదికి చేరాక, తలుపు వేసుకుని, పేర్లు తెలియని ఆ ఇద్దరి కోసం ఏదో గొణిగాను. ఎలా వచ్చిందో తెలియదు, అందులో నా పేరూ వచ్చి చేరింది.