ఎర్ర చీమల పుస్తకం

పేరు రాయను. ఊరు బొబ్బిలి దగ్గరని మాత్రం చెప్తాను. ఇప్పటికీ వీధిలో జీపు ఆగిందంటే తలుపు గడియ పెట్టేస్తాను. మింగలేక, కక్కలేక ఇన్నేళ్ళూ ఈ మాటని మోస్తున్నాను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలననుకుంటున్నాను. చెప్పగలనా? చూద్దాం.

అరవైలు ముగిసే రోజులు. నేను చిన్న బళ్ళో పంతులమ్మని. మా ఒకటో తరగతి పిల్లలకి బొమ్మల పుస్తకమంటే ఏటో తెలీదు. నేనే ఒకటి రాసాను. చీమలు దాచుకున్న ధాన్యాన్ని ఒక పందికొక్కు తినేస్తుంటుంది. చీమలన్నీ వరుస కట్టి వెళ్ళి, కుట్టి కుట్టి దాన్ని తరిమేస్తాయి. అంతే కథ. చదివి వినిపిస్తే పిల్లలు పడీ పడీ నవ్వేవారు. దాంతో అచ్చు వేయిద్దామన్న పిచ్చి పట్టింది నాకు. నాలాంటిదాని పుస్తకం ఎవరేస్తారు? నేనే వేయించుకోవాలి.

బొమ్మలు మా బావ చేశాడు. మా అప్ప, అంటే అక్క మొగుడు. వీణలు చెక్కే మనిషి. పనస చెక్క ముక్కల మీద చీమల్ని చెక్కి అచ్చుదిమ్మలు చేసిచ్చాడు. ఒక్కో చీమ భుజం మీద ఒక్కో వరి కంకి. ఎంత ముద్దుగా ఉండేవో!

ప్రెస్సుకి వెళ్ళేసరికి పెళ్ళిళ్ళ రోజులు. మిషను మీద శుభలేఖల ఎర్ర సిరా ఉంది. మధ్యలో రోలర్లు కడిగి నలుపు ఎక్కించడం కుదరదు, ముహూర్తాలయ్యాక రండి అన్నాడు ప్రెస్సాయన. నాకా, ఓపిక లేదు. సెలవులిచ్చేలోగా పుస్తకం పిల్లల చేతిలో పెట్టాలి. ఎరుపుతోనే కొట్టీమన్నాను. అప్పటికే కొండల మీద ఎర్రజెండా గొడవలు. పోలీసులు ఊళ్ళ మీద పడుతున్నారు. బావ నన్ను పక్కకి పిలిచాడు.

"ఎరుపొద్దే. రోజులు బాగోనేవు. నలుపొచ్చీదాకా ఆగు."

"ఏటి బావా, సీమల్ని సూసి కూడా బయపడతారేటి ఎవులైనా?"

"నీకు తెల్దు. సెప్పిన మాటిను."

వినలేదు. పైగా నవ్వాను.

వానలు మొదలయ్యాక జీపొచ్చి మా బడి ముందు ఆగింది. ఇన్‌స్పెక్టరు చేతిలో నా పుస్తకం. బారులు తీరిన ఎర్ర చీమల భుజాల మీద కంకులు ఆయన కంటికి బల్లేల్లా కనపడ్డాయట. పందికొక్కంటే ఎవరని అడిగాడు. ఎరుపు ఎవరు వేయమన్నారని అడిగాడు. ఉద్యోగం పోతుంది, జైల్లో పెడతారు, ఆడదాన్ని, ఏం చేస్తారో ఏమో, అన్నీ ఒక్కసారే తలలో గిర్రున తిరిగాయి. ఎరుపు మా బావే వేయించాడండి, నేను కథే రాసాను, నాకేమీ తెలీదండి అన్నాను.

అక్కడితో ఆగినా బావుణ్ణు. ఆయన ఇంకేమీ అడగలేదు. నేనే చెప్పాను, పనస దుంగల కోసం కొండ మీదికి తిరుగుతుంటాడండి అని. ఎవరడిగారు నన్ను? ఆ మాట ఎందుకన్నాను? భయంతో అన్నానని ఇన్నాళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. భయమే, కాదనను. కానీ బావ మీదికి తోసేస్తే నేను బయటపడతానని ఆ క్షణంలో నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను.

ఆ సాయంత్రమే బావని తీసుకుపోయారు. నన్ను మాత్రం పుస్తకాలు కాల్చీమని వదిలేశారు. పొయ్యిలో పెట్టాను.

బావ తిరిగొచ్చేసరికి కుడిచేతి వేళ్ళు ముడుచుకోవు. ఉలి పట్టుకుంటే జారిపోయేది. మళ్ళీ వీణ చెయ్యలేదు. చెప్పింది నేనేనని అక్కడ ఆయనతో అన్నారో లేదో నాకు తెలీదు. ఆయన నా వైపు చూసినప్పుడల్లా ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడని బిక్కచచ్చిపోయేదాన్ని. పోయేదాకా ఏమీ అనలేదు. తెలిసే ఊరుకున్నాడా? తెలీకా?

అప్ప ఉంది. ముసల్దైపోయింది. నాకు పెళ్ళి కాలేదు, ఆవిడ దగ్గరే ఉంటున్నాను. ఊళ్ళోవాడెవడో కిట్టక బావ మీద చెప్పాడని ఆవిడ నమ్మకం. అన్నం వడ్డిస్తూ బావ గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంటాది. "ఆ సెప్పినోడి నోట మన్నడ!" అని తిట్టిపోస్తాది. ఆ వెంటనే, "నువ్వు తినవే, ఇంకొంచెం ఎయ్యనా?" అని నాకు కొసరి కొసరి పెడతాది. నేను తలెత్తను. ఎత్తితే నా మొహం చూసి కనిపెట్టేస్తుందేమోనని భయం.

ఆవిడతో చెప్పే ధైర్యం ఈ జన్మకి రాదు. నన్ను క్షమించమని మిమ్మల్నీ అడగను, అడిగే మొహం లేదు. ఒక్కసారైనా ఈ మాట నాలోంచి బయటికి రావాలి, అంతే. రాసేస్తున్నాను.

ఆ సెప్పినోడు ఊళ్ళో ఎవడూ కాదే అప్పా. నేనే.